అన్నమంటే భయపడిన అమ్మాయి

2022 ఉగాదికి మా బరంపురంలోని తెలుగు కుటుంబాలు ఎప్పటిలాగే ఒకచోట కలిశాయి. పంచాంగ శ్రవణం అయ్యాక పంక్తి భోజనాలు. పులిహోర, మామిడికాయ పప్పు, గారెలు, బొబ్బట్లు. పదహారేళ్ళ మా అమ్మాయి ఓణీ కొంగు నడుముకి దోపి అందరికీ తనే వడ్డించింది. "అయ్యో పిన్నిగారూ, బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకోలేదేం?" అంటూ కొసరి కొసరి వడ్డిస్తుంటే నాకు గర్వంగా అనిపించింది.

"ఎంత నాజూగ్గా తయారయిందండీ మీ అమ్మాయి! ఏం తినిపిస్తున్నారో మాకూ కాస్త చెప్పండి" అన్నారు పక్కన కూర్చున్నావిడ. ఆ పూట కనీసం అయిదారుగురు ఆ మాట అని ఉంటారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ రోజు మా అమ్మాయి నోట్లో పెట్టుకున్నది చెంచాడు ఉగాది పచ్చడి మాత్రమేనని చాలా నెలల తర్వాత తెలిసింది. అందరూ మెచ్చుకున్న ఆ నాజూకుతనం ఒక జబ్బు. ఇంకో రెండు నెలలకి ఆ జబ్బే తనని ఆసుపత్రి మంచం మీద పడేసింది.

ఇప్పుడు తను డిగ్రీ చదువుకుంటోంది. మాతో కలిసి కూర్చుని అన్నం తింటోంది. "మన పత్రికకి రాయమ్మా, నా పేరు మాత్రం వద్దు" అని తనే అడిగింది. తను చదివి సరేనన్న తర్వాతే దీన్ని పంపుతున్నాను.

ఎలా మొదలయింది?

కరోనా వల్ల బడులు మూతపడిన రోజులు గుర్తున్నాయి కదా. పిల్లలంతా ఇంట్లోనే, చేతిలో ఫోను. అందరి పిల్లల్లాగే మా అమ్మాయీ కొంచెం ఒళ్ళు చేసింది. 2021లో ఒక పెళ్ళిలో దగ్గర బంధువొకరు, "ఏమే, గుమ్మడికాయలా తయారయ్యావు?" అన్నారు. అందరం నవ్వాం. తనూ నవ్వింది.

మర్నాటి నుంచీ స్వీట్లు మానేసింది. మంచిదే అనుకున్నాం. తర్వాత నూనె వస్తువులు, ఆ తర్వాత రాత్రి పూట అన్నం. శుక్రవారం ఉపవాసం, శనివారం ఒంటిపూట, ఏకాదశికి మా అత్తగారితో పాటు పూర్తి ఉపవాసం, కార్తీక సోమవారాలు నక్తాలు. ఈ కాలప్పు పిల్లకి ఎంత భక్తి అని మురిసిపోయాను. భక్తి పేరు చెబితే ఇంట్లో ఎవరూ తినమని బలవంతపెట్టరని తనకి తెలుసు.

ఇంకో చిత్రం ఏమిటంటే, తను తినడం తగ్గించిన కొద్దీ వంట మీద ఇష్టం పెరిగింది. గంటలకొద్దీ ఫోనులో వంటల వీడియోలు చూసేది. మాకు రకరకాలుగా వండి పెట్టి, పక్కన నిలబడి మేం తింటుంటే చూసేది. "నువ్వో?" అంటే, "ఇందాకే తిన్నాను" అనేది. పుట్టి బుద్ధెరిగి అబద్ధం చెప్పని పిల్ల.

బరంపురం ఎండలు మీకు తెలిసే ఉంటాయి. ఆ మే నెలలో తను స్వెట్టరు వేసుకుని కూర్చుంది. దువ్వెన నిండా జుట్టు. నెలసరి ఆగి నాలుగు నెలలయిందని నాతో చెప్పనే లేదు. ఇక్కడి డాక్టర్లకి చూపించాం. రక్తం, థైరాయిడ్, స్కానింగ్ అన్నీ చేశారు. పెద్ద జబ్బేమీ కనిపించలేదు. టానిక్కులు రాశారు. దిష్టి తీశాం. "రెండు తగిలిస్తే అదే తింటుంది" అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. దాచుకోవడం దేనికి, ఒక రాత్రి ముట్టని కంచం చూసి నేను చెయ్యి చేసుకున్నాను కూడా. తను ఏడవలేదు. "కొట్టు, కానీ తినమనకు" అంది. ఆ మాట నేను ఈ జన్మకి మరిచిపోలేను.

జూన్‌లో ఒక పొద్దున్న స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. విశాఖపట్నంలో మా అన్నయ్య ఉంటాడు. ఆ సాయంత్రం రైలుకే తీసుకెళ్ళాం. అక్కడి ఆసుపత్రిలో నాడి చూసిన డాక్టరమ్మ ముఖం మారిపోయింది. పగటిపూట, మెలకువగా ఉన్న మనిషికి నాడి నిమిషానికి 50 కూడా లేదు. వెంటనే చేర్చుకున్నారు. మర్నాడు మానసిక వైద్యుడు వచ్చారు. ఆయన తెలుగులో మాట్లాడటంతో మా అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. బడిలో ఒడియా, ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా, భయం గురించి చెప్పుకోవడానికి ఇంట్లో మాట్లాడే భాషే కావాలి కాబోలు.

జబ్బుకి పేరుంది

"మీ అమ్మాయిది మొండితనం కాదమ్మా. దీన్ని అనొరెక్సియా నెర్వోసా అంటారు" అన్నారాయన. నేను పేరు కూడా వినలేదు. అది కొత్త జబ్బు కాదట. 1873లో పారిస్‌లో లాసేగ్ అనే వైద్యుడు ఇలాంటి యువతుల గురించి రాశాడు. 1874లో లండన్ వైద్యుడు విలియం గల్ ఈ పేరుతో వ్యాసం ప్రచురించాడు. ఆ గ్రీకు మాటకి అర్థం ఆకలి లేకపోవడం. మన ఆయుర్వేదంలో అరోచకం అంటారు చూడండి, అలాంటిదన్నమాట. నిజానికి ఆ పేరు సరిపోదు. ఈ జబ్బులో చాలామందికి ఆకలి వేస్తుంది. ఆ ఆకలిని మించిన భయం వాళ్ళని తిననివ్వదు.

దీనికి తోబుట్టువులున్నాయి. ఆపుకోలేక చాలా తినేసి, ఆ భయంతో వాంతి చేసుకోవడమో, విరేచనాల మందులు మింగడమో, మళ్ళీ పస్తులుండటమో చేసేది బులీమియా నెర్వోసా. 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ దాన్ని విడిగా గుర్తించాడు. వాంతులు, పస్తులు ఏమీ లేకుండా, పట్టు తప్పి తిని తర్వాత సిగ్గుతో కుమిలిపోయేది బింజ్ ఈటింగ్. అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని 2013లో ప్రత్యేకమైన జబ్బుగా తన గ్రంథంలో చేర్చింది. వీటిలో ఏదైనా సన్నగా ఉన్నవాళ్ళకే వస్తుందనుకోవద్దు. బులీమియా ఉన్నవాళ్ళు చూడటానికి మామూలుగానే ఉంటారు. అందుకే ఇంట్లోవాళ్ళకి ఏళ్ళ తరబడి తెలియదు.

"ఇవన్నీ దొరల జబ్బులు కదండీ, మనవాళ్ళకెందుకొస్తాయి?" అన్నారు మావారు. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. 1995లోనే ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన దేశపు యువతుల కేసులు ప్రచురించారట. తినకపోవడం, వాంతులు, బాగా చిక్కిపోవడం, నెలసరి ఆగిపోవడం అన్నీ ఉన్నాయి కానీ, పాశ్చాత్య దేశాల రోగుల్లాగా తమ ఒళ్ళు లావుగా ఉందన్న భ్రమ మాత్రం వాళ్ళలో కనిపించలేదు. హాంకాంగ్‌లో కూడా 1990ల్లో ఇలాంటి వాళ్ళని చూశారు. "లావైపోతాను" అని కాక, "కడుపు నిండిపోయింది, సయించడం లేదు" అనేవాళ్ళు చాలామంది. కడుపు అంటే కడుపు డాక్టరు దగ్గరికే వెళతాం కదా. మనసు సంగతి అడిగేవాళ్ళుండరు.

డబ్బు, పేరు, అందం ఉన్నవాళ్ళనీ ఇది వదల్లేదు. అమెరికన్ గాయని కారెన్ కార్పెంటర్ దీని తాలూకు గుండె దెబ్బతో 1983లో 32 ఏళ్ళకే పోయింది. ఇంగ్లండు యువరాణి డయానా తనకి బులీమియా ఉండేదని 1995లో టెలివిజన్‌లోనే చెప్పింది.

"నా పెంపకంలో లోపమా?" అని అడిగాను. ఏ తల్లయినా అడిగేది అదే. ఆయన చెప్పిన మాట మీకూ చెబుతాను. దీనికి ఒక్క కారణం ఉండదు. పుట్టుకతో వచ్చిన తత్వం ఉంటుంది. అన్నీ సక్రమంగా ఉండాలనే పట్టుదల, తప్పు చేస్తానేమోనన్న బెదురు ఎక్కువ ఉన్న పిల్లల్లో ఇది తరచు కనిపిస్తుంది. ఎదిగే వయసు, ఎవరో అన్న మాట, పథ్యం చేయడం, ఇవన్నీ దానికి తోడవుతాయి. తల్లిదండ్రులు ఈ జబ్బుకి కారణం కారు, దీన్ని నయం చేయడంలో మాత్రం వాళ్ళని మించిన సహాయం లేదు.

పస్తులు మనసును ఏం చేస్తాయి?

నాకు కళ్ళు తెరిపించింది ఆయన చెప్పిన ఒక ప్రయోగం. రెండో ప్రపంచ యుద్ధం చివర, యుద్ధంలో పస్తులున్న జనానికి తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దీన్ని చేశాడు. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోనివాళ్ళు వాళ్ళు. 24 వారాల పాటు వాళ్ళకి సుమారు సగం తిండి మాత్రమే పెట్టారు. బరువు దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది.

వాళ్ళకి ముందుగా ఏ మానసిక బాధా లేదు, సన్నబడాలన్న కోరికా లేదు. అయినా వాళ్ళకి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. కంచంలో ఉన్నది గంటల తరబడి కెలుకుతూ తిన్నారు. చలికి వణికారు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. తిరిగి తిండి పెట్టాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక నెలల తరబడి విపరీతంగా తిన్నారు. 1950లో కీస్ బృందం దీన్నంతా రెండు సంపుటాల గ్రంథంగా ప్రచురించింది.

వింటుంటే ఒళ్ళు జలదరించింది. స్వెట్టరు, వంటల వీడియోలు, చిరాకు, అన్నీ మా ఇంట్లో చూసినవే. జబ్బు తిననివ్వదు, తినకపోవడం వల్ల మనసు ఇంకా బిగుసుకుపోతుంది, అలా బిగుసుకున్న మనసు మరీ తిననివ్వదు. "ముందు మనసు బాగుపడితే అప్పుడు తింటుంది అని కూర్చోకండి. తింటేనే మనసు బాగుపడుతుంది. ఈ జబ్బుకి మొదటి మందు అన్నమే" అన్నారు డాక్టరుగారు.

మందే అయినా మోతాదు ఉండాలి

మా అత్తగారు ఆ మాట విని నేతి సున్నుండలు చేసి డబ్బా నిండా పంపారు. డాక్టరమ్మ చేతులు జోడించారు. చాలా రోజులు పస్తున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే ప్రాణానికే ముప్పట. ఎందుకంటే, తిండి పడగానే ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది, కణాలు రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం వంటి లవణాలని గబగబా లాగేసుకుంటాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పవచ్చు. అందుకని రోజూ రక్త పరీక్ష చేస్తూ, ఆహారం మెల్లమెల్లగా పెంచారు. బాగా చిక్కిపోయిన పిల్లని ఇంట్లోనే మేపేద్దామని ఎవరూ ప్రయత్నించకండి. ముందు డాక్టరుకి చూపించండి. మూడు వారాల తర్వాత ఇంటికి పంపారు.

మామ్మ ఏకాదశి

అసలు పని ఇంట్లో మొదలయింది. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు 1980ల్లో రూపొందించిన పద్ధతి ఒకటుంది. జబ్బు మొదలై మూడేళ్ళు దాటని, చిన్న వయసు పిల్లల్లో ఇది బాగా పనిచేస్తుందని 1987లో వాళ్ళు ఫలితాలు ప్రచురించారు. క్లుప్తంగా చెప్పాలంటే మూడు మెట్లు. మొదట ఏం తినాలి, ఎంత తినాలి అన్నది తల్లిదండ్రులే నిర్ణయించి, పక్కన కూర్చుని తినిపించాలి. ఒళ్ళు కోలుకున్నాక ఆ బాధ్యత కొంచెం కొంచెంగా పిల్లకి తిరిగి అప్పగించాలి. చివరికి వయసుకి తగిన చదువు, స్నేహాలు, సంతోషాల వైపు మళ్ళించాలి.

చెప్పినంత తేలిక కాదు. రోజుకి మూడు భోజనాలు, మధ్యలో మూడుసార్లు పలహారం. మొదటి రోజు మూడు ఇడ్లీలకి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఏడ్చింది, అరిచింది, "నువ్వు నా శత్రువువి" అంది. కోప్పడకూడదు, బతిమాలకూడదు, లంచం పెట్టకూడదు, కంచం మాత్రం తీయకూడదు. "ఈ మాట నీది కాదమ్మా, జబ్బుది. నీకు భయంగా ఉందని తెలుసు. నేను ఇక్కడే కూర్చుంటాను. ఇంకో ముద్ద." రోజుకి యాభైసార్లు ఇదే పాట. మావారు పొద్దున్న ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళడానికి అనుమతి తీసుకున్నారు. తిన్న తర్వాత గంటసేపు తనని ఒంటరిగా వదలవద్దన్నారు. ఆ గంటా మా అబ్బాయి అక్కతో అష్టాచెమ్మా ఆడేవాడు. పన్నెండేళ్ళ కుర్రాడు, ఒక్క రోజూ విసుక్కోలేదు.

ఆషాఢంలో తొలి ఏకాదశి వచ్చింది. "మామ్మ తినదుగా, నేనూ తినను. దేవుడికి మొక్కుకున్నాను" అని భీష్మించింది. నాకేం చెప్పాలో తోచలేదు. మా అత్తగారు నలభై ఏళ్ళకి పైగా ఏకాదశి తప్పని మనిషి. వంటింట్లోంచి వచ్చి, "పిల్లలకీ, ముసలివాళ్ళకీ, రోగిష్టివాళ్ళకీ ఉపవాసం లేదే అమ్మలూ, పెద్దలు చెప్పిందే. నీకు జబ్బు, నేను ముసలిదాన్ని. ఇద్దరం కలిసి తిందాం. ఆ పాపమేదో ఉంటే నేను చూసుకుంటాను" అని తన కంచం కూడా తెచ్చుకుని పక్కన పీట వేసుకున్నారు. ఆవిడ పప్పన్నం కలిపి మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకున్నారు. మా అమ్మాయి మామ్మ ముఖంలోకి చూస్తూ చాలాసేపు ఊరుకుంది. తర్వాత తిన్నది. మధ్యాహ్నం నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మళ్ళీ జారింది

ఆర్నెల్లలో నెలసరి తిరిగి వచ్చింది. గండం గట్టెక్కిందనుకున్నాం. 2023లో ప్లస్ టూ పరీక్షల ముందు వంటింట్లో డబ్బాలు రాత్రిళ్ళు ఖాళీ కావడం గమనించాను. మిన్నెసోటా యువకుల కథ తెలియకపోతే దొంగతిండి అని తిట్టి ఉండేదాన్ని. నేను అడగ్గానే తను కూలబడి, "ఆపుకోలేకపోతున్నానమ్మా, సిగ్గుగా ఉంది" అంది. అనొరెక్సియా నుంచి బులీమియాలోకి జారడం తరచు జరిగేదేనట. మళ్ళీ విశాఖకి వెళ్ళాం. ఆలోచననీ అలవాటునీ కలిపి సరిదిద్దే ఒక మాటల వైద్యం ఉంది. ఏ పూట తిండి మానితే ఏ రాత్రి పట్టు తప్పుతోందో తనచేతే రాయించి, వేళకి తినడం నేర్పారు. కొన్నాళ్ళు మాత్రలు కూడా ఇచ్చారు. ఇది నయమవడానికి నెలలు కాదు, సంవత్సరాలు పడుతుంది. మధ్యలో జారితే మొదటికి వచ్చినట్టు కాదు. పూర్తిగా కోలుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారని డాక్టరుగారు చెబితే అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

మీ ఇంట్లోనూ ఒకసారి చూసుకోండి

పిల్లలు భోజనాల వేళకి ఏదో వంకతో తప్పుకుంటున్నారా? ఒక్కో పదార్థం మానేస్తూ పోతున్నారా? తినగానే స్నానాల గదికి వెళ్ళి తలుపేసుకుంటున్నారా? వేళ్ళ కణుపుల మీద కాయలు, గవదల్లా ఉబ్బిన బుగ్గలు, అరిగిన పళ్ళు, ఆగిన నెలసరి, ఎండలోనూ చలి, ఊరికే కళ్ళు తిరగడం, వీటిని తేలిగ్గా తీసుకోకండి. మగపిల్లలకీ ఇది వస్తుంది. కండల కోసం గంటల తరబడి వ్యాయామం చేస్తూ, అన్నం మానేసి పొడులతో గడిపే కుర్రాళ్ళని కూడా గమనించండి. వాంతుల వల్ల పొటాషియం తగ్గి గుండె ఆగే ప్రమాదం ఉంది. స్పృహ తప్పినా, గుండె దడ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఎవరిని అడగాలో తెలియకపోతే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరులో ఫోను చేయవచ్చు. మనం ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగులో మాట్లాడే వీలుంది.

మరొక్క మనవి. ఇంటి దగ్గర తెలుగు, బయట వేరే భాషగా తరాలు గడిపిన మనం నలుగురం కలిసేది ఎక్కువగా పంక్తి భోజనాల దగ్గరే. "తిన్నావా?" అనేదే మన పలకరింపు. అందుకే పిల్ల తినకపోతే మనకి అవమానంగా తోస్తుంది, కోపం వస్తుంది. దాని పక్కనే, "లావెక్కావు", "చిక్కిపోయావు", "నాజూగ్గా ఉన్నావు" అనే మాటలు కూడా మనకి పలకరింపులైపోయాయి. వాటిలో దురుద్దేశం లేదని నాకు తెలుసు. నేనూ ఎందరినో అలాగే పలకరించాను. కానీ ఏ మాట ఏ పిల్ల మనసులో నాటుకుంటుందో మనకి తెలియదు. చదువు గురించి అడగండి, చూసిన సినిమా గురించి అడగండి, పాట పాడమనండి. ఒంటి సంగతి ఎత్తకండి.

మొన్న ఉగాదికి మళ్ళీ అందరం కలిశాం. మా అమ్మాయి ఈసారి వడ్డన చేయనంది. మామ్మ పక్కన పంక్తిలో కూర్చుంది. బొబ్బట్టు సగం తిని, మిగతా సగం కాసేపు చూసి, అదీ తినేసింది.